పొగమంచులో పచ్చ గళ్ల చొక్కా

నల్లపాడు, గుంటూరు
4 ఆగస్టు 2025

మా వంశంలో ప్రభుత్వం వారి ఖర్చుతో భోంచేస్తున్న మొదటి పురుషుడైన పేరయ్య బాబాయికి,

మీ అన్నయ్య కూతురు, జూనియర్ అడ్వకేటు రాగసుధ రాస్తున్నది. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. జైలు ఫోన్లో మనకిచ్చే కాసేపట్లో నువ్వే మాట్లాడి, నువ్వే కోప్పడి, నువ్వే పెట్టేస్తావు. ఉత్తరమైతే నన్ను మధ్యలో ఆపలేవు. దీన్ని నీకంటే ముందు జైలు సారు చదువుతారని తెలుసు. సార్, నమస్కారం. మా బాబాయి మందులు వేసుకుంటున్నాడో లేదో కాస్త చూడండి.

నీ కేసు కాగితాలు మా సీనియర్ శేషాచలం గారు నా ముందు పడేసి, "మీ బాబాయిని నువ్వే ఒప్పించమ్మా. నాకు శిక్ష వేయించండి బాబూ అని సొంత లాయర్ని బతిమాలే ముద్దాయిని ఇప్పుడే చూస్తున్నా" అన్నారు. అందుకని జరిగింది ఒకసారి కోర్టువారి గాంభీర్యంతో చెప్పుకుందాం.

మొన్న జనవరిలో ఒక పొద్దున, ఎదురుగా ఉన్న చెయ్యి కనపడని పొగమంచులో, పర్చూరు దగ్గర మన మిరప చేలో, నువ్వు దుడ్డుకర్రతో ఒకటి వేశావు. పక్క చేను అంకమ్మరావు గారి తల పగిలి, సాయంత్రానికి ఆస్పత్రిలో పోయారు. కొట్టింది నువ్వు, పోయింది ఆయన. ఇందులో ఎవరికీ తగాదా లేదు. కర్ర ఎత్తినప్పుడు ఎదురుగా ఉన్నది మనిషి అనుకున్నావా, దిష్టిబొమ్మ అనుకున్నావా? కేసంతా అదే. మనిషి అనుకుంటే సెక్షన్ నూట మూడు, హత్య, యావజ్జీవం. బొమ్మ అనుకుంటే నూట ఆరు, అజాగ్రత్త. అప్పుడు వచ్చే పంట నువ్వే కోయించుకోవచ్చు.

చిక్కల్లా ఏమిటంటే, నీ దిష్టిబొమ్మ అందరి దిష్టిబొమ్మల్లా ఉండదు. అంకమ్మరావు గారు ఆ ముందటేడు గట్టు మీద నిలబడి "ఏం కాపు కాసిందయ్యా పేరయ్యా" అన్నారు. ఆ వారమే నల్ల తామర పురుగు పడింది. పురుగు ఆయన కంట్లోంచే దిగిందని నువ్వు తేల్చేశావు. కన్ను పెట్టినవాడి బట్ట బొమ్మకి తొడిగి రోజూ మూడు దెబ్బలు వేస్తే దిష్టి వాడికే తిరిగిపోతుందని మన ఊళ్లో శాస్త్రం కదా. ఆయన పచ్చ గళ్ల చొక్కా సంపాదించి బొమ్మకి తొడిగావు. రోజూ పొద్దున్నే "చావరా అంకమ్మరావూ" అంటూ కొట్టావు. ఊరంతా విన్నది. ఇప్పుడు ప్రాసిక్యూటర్ గారికి సాక్షుల కొరత లేదు. అవసరమైతే రెండు బస్సులు వేసి తీసుకొస్తారు.

కాబట్టి నువ్వు చెయ్యవలసింది ఒక్కటే. బొమ్మ అనుకున్నానని చెప్పు. మంచు, కంటికి ఆనలేదు అని చెప్పు. అది నిజం కూడా కదా. ఈలోగా బ్యారక్‌లో ఎవరి దగ్గరా గొప్పలు పోకు.

నీ కేసు గెలిస్తే తప్ప పెళ్లిచూపులకి కూర్చోనని ఇంట్లో చెప్పిన
రాగసుధ


జిల్లా జైలు, రెండో బ్యారక్
13 ఆగస్టు 2025

రాగసుధకి దీవెనలు.

నీ ఉత్తరం జైలు సారు చదివి, నవ్వి, కళ్లు తుడుచుకుని నాకిచ్చాడు. మందులు వేసుకుంటున్నావా అని కూడా అడిగాడు. ఇంత చదివించింది నన్ను నవ్వులపాలు చెయ్యడానికేనా?

ఇక్కడ సంగతి నీకు తెలియదు. మొదటి రోజు లోపలికి రాగానే ఏం కేసని అడిగారు. బైకుల దొంగలు, గంజాయి వాళ్లు, చెక్కులు చెల్లనివాళ్లు, అంతా చిల్లర సరుకు. నేను "మర్డరు" అన్నా. అంతే. ఒకడు లేచి చాప మడిచి, ఫ్యాన్ కింద చోటు నాకిచ్చాడు. అప్పట్నుంచి నేను పేరయ్య గారిని. కూర ముందు నా పళ్లెంలో వేస్తారు. మన ఊళ్లో నాకు పెళ్లప్పుడు కూడా ఇంత మర్యాద జరగలేదు, మీ పిన్నినడుగు.

ఇప్పుడు లేచి నిలబడి, అయ్యా, నేను మనిషిని కొట్టలేదు, బొమ్మననుకున్నా అని చెప్పమంటావు. మనిషికీ బొమ్మకీ తేడా తెలియని వెర్రివాడినని. ముందు ఫ్యాన్ పోతుంది. తర్వాత ఊళ్లోకి వెళ్తే చిన్నపిల్లలు కూడా "బొమ్మ పేరయ్య" అంటారు. నా తర్వాత నా మనవళ్లని బొమ్మ పేరయ్య మనవళ్లంటారు. యావజ్జీవమంటే నా ఒక్కడి ప్రాణంతో పోతుంది. పేరు పడితే పోతుందా?

కంటికి ఆనలేదని చెప్పమన్నావే, అది మరీ ఘోరం. మొన్న కళ్ల డాక్టరు వచ్చాడు. గోడకి పెట్టిన అట్ట మీద అక్షరాలన్నీ గడగడా చదివేశా. కింద చీమంత ఉన్న ప్రెస్సు వాడి పేరు కూడా చదివా. ఆయనే ఆశ్చర్యపోయి, ఈ వయసులో ఇట్టాంటి కళ్లు చూడలేదన్నాడు. ఆ మాట కాగితం మీద రాయించుకున్నా. నేను గుడ్డివాడినని ఎవరూ అనుకోకూడదని ఒక కాపీ ప్రాసిక్యూటర్ గారికి పంపమని జైలు సారుకి ఇచ్చా. ఇంకో కాపీ నీకు పంపుతున్నా, కేసులో పనికొస్తుంది.

పేరయ్య,
ఫ్యాన్ కింద నుంచి


నల్లపాడు
25 ఆగస్టు 2025

డేగ కళ్ల బాబాయికి,

నీ సర్టిఫికెట్ అందింది. శేషాచలం గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, చాలాసేపు కిటికీ బయటికి చూశారు. బయట చూడ్డానికేమీ లేదు, పక్కింటి ట్యాంకరు తప్ప. తర్వాత "మీ వంశంలో అందరూ ఇంతేనా?" అని అడిగారు. నా జీతం ఇంకా ఖరారు కాలేదు బాబాయ్, ఇలాంటి ప్రశ్నలు పడకుండా చూడు.

కళ్లు ఎంత బాగున్నా మంచులోంచి కనపడదని వాదిస్తాంలే. మిగతాది శ్రద్ధగా విను. చట్టానికి నీ కోపంతో పనిలేదు. కోపం శిక్షార్హమైతే మన జిల్లాలో పొలం గట్టు ఉన్న ప్రతివాడూ లోపలే ఉండాలి. నీ కోపం మనిషి మీద, నీ కర్ర బొమ్మ మీద. చట్టం అడిగేది కర్ర సంగతి. ప్రాసిక్యూటర్ గారు ఈ రెంటినీ ఒకటే అంటారు. కోపం ఎవరి మీదో కర్ర కూడా వాడి మీదే, బొమ్మ అన్నది సాకు అంటారు. నిన్ను కాపాడాలంటే ఈ రెండింటి మధ్య ఒక గట్టు వెయ్యాలి. గట్ల విషయంలో నీకున్న అనుభవం ఎవరికుంది?

పోనీ అంకమ్మరావు గారు బొమ్మ ఉండే చోట ఎందుకు నిలబడ్డారో తెలిసిందిగా. ఆయన అదృష్ట చొక్కా అట అది. మిర్చి యార్డులో ఆయన సరుకుకి మంచి ధర పలికిన రోజు వేసుకున్న చొక్కా. ఆయన్ని అడగకుండా ఆయన భార్య సుబ్బరావమ్మ గారు దాన్ని పాత బట్టల మూటలో వేసి, స్టీలు సామాన్ల హుస్సేన్ సాహెబ్‌కి ఇచ్చి గరిటె తీసుకుంది. పిన్ని హుస్సేన్ సాహెబ్ దగ్గర దాన్ని కొంది. ఆ రోజు ఆయన మంచు చాటున వచ్చి, బొమ్మని పడుకోబెట్టి, చొక్కా విప్పి, అక్కడే తొడుక్కుని గుండీలు పెట్టుకుంటున్నాడు. తలకి తెల్ల తువ్వాలు. నీ బొమ్మ తల సున్నం కొట్టిన కుండ. చట్టరీత్యా ఆయన తన సొంత చొక్కాని దొంగతనం చేస్తూ మరణించారు. నా చదువులో ఇలాంటిది ఎక్కడా లేదు.

మనకి బంగారం లాంటి సాక్షి ఒకడున్నాడు. మన చేలో పురుగుమందు కొట్టడానికి వచ్చిన ఏసోబు. దెబ్బ పడగానే నువ్వు "బొమ్మకి రక్తం వస్తందిరా" అని అరిచావని చెప్పాడు. ఆ ముక్క చాలు, కేసు సగం అయిపోయింది. కానీ తర్వాత టీ కొట్టు దగ్గర అందరి ముందూ "కావాలనే కొట్టా" అన్నావు. పోలీసులకి ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. టీ కొట్టులో ఒప్పుకున్నది చెల్లుతుంది. అదేం చట్టమో నన్నడక్కు. ఆ మాట ఎందుకన్నావు?

ఇంకొకటి. మీ ఇద్దరి మధ్య మంచిగా గడిచిందేదైనా ఉంటే రాయి. ఒక్కటైనా.

నీ కళ్లకి దిష్టి తీస్తూ,
రాగసుధ


జిల్లా జైలు
6 సెప్టెంబరు 2025

రాగసుధకి,

ఏసోబు చెప్పింది అబద్ధం. నేను అరవలేదు. అరిచినా అంత గట్టిగా కాదు.

మంచిగా గడిచింది రాయమన్నావు కాబట్టి ఆలోచించి రాస్తున్నా. ఆయన బోరు మోటారు కాలిపోయినప్పుడు మన కాలువకి గండి కొట్టి నీళ్లు తిప్పుకున్నాడు. చూశా, అయినా పక్కకి తిరిగి వెళ్లిపోయా. మర్నాడు తిట్టాననుకో. సాయంత్రాలు ఆయన చుట్ట దగ్గు దగ్గుకుంటూ గట్టు మీదికి వస్తే, దూరం నుంచే ఆయనని తెలిసి నేను ఎదురుపడకుండా తప్పుకునేవాడిని. ఇద్దరికీ మంచిదే కదా అది. ఆయన కూతురి పెళ్లికి పిలవకపోయినా భోజనానికి వెళ్లా. ఇంకా ఏముంది? ఆయన ఊరెళ్తే బొమ్మని కొట్టేవాడిని కాదు. చూసేవాడు లేకుండా కొట్టడం దండగ.

ఇంతకంటే మంచి మా మధ్య లేదు. ఉన్నదాంతో సర్దుకో.

టీ కొట్టు సంగతి. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. నేను కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నా. ముందు పెట్టిన టీ ముట్టుకోలేదు. చుట్టూ ఊరంతా. ఏసోబు జరిగింది చెబుతున్నాడు, బొమ్మ అనుకున్నాడంట అని. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. వాడి మొహం చూడలేదు. ఒక మనిషి ప్రాణం మీద ఉంటే నవ్వు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది, "బొమ్మేంది, కావాలనే కొట్టా" అని. నవ్వు ఆగిపోయింది. అందరూ ఒక అడుగు వెనక్కి జరిగారు.

ఆ అడుగు వాళ్ల చేత మళ్లీ ముందుకు వేయించమంటున్నావు నువ్వు.

పేరయ్య,
ఫ్యాన్ కింద, ఇంకా


జిల్లా జైలు
17 అక్టోబరు 2025

రాగసుధకి,

నిన్న నన్ను కోర్టుకి తీసుకెళ్లలేదు, ఎస్కార్టు లేదన్నారు. గదిలో టీవీ ముందు కూర్చోబెట్టి విచారణ చూపించారు. కాసేపటికే మాట పోయింది, బొమ్మ ఒక్కటే ఆడింది. వినపడట్లేదని చెయ్యి ఊపితే అక్కడి గుమాస్తా కూడా నాకు చెయ్యి ఊపాడు.

సుబ్బరావమ్మని చూశా. బోనులో నిలబడి ఏడ్చింది. మధ్యలో నా వైపు వేలు చూపించింది. చాలాసేపు చూపించింది. ప్రాసిక్యూటరు కూర్చున్నాడు, ఇంక అడగాల్సింది లేదన్నట్టు. మీ శేషాచలం గారు తల దించుకున్నారు. నువ్వు కళ్లు తుడుచుకుంటున్నావు. అది కూడా కనపడింది. నా కళ్లు మంచివి కదా.

ఆవిడకి నేను చేసినదానికి ఆవిడ ఏమన్నా పడతా. ఇంక బొమ్మా వద్దు, మంచూ వద్దు. జడ్జిగారు అడిగిన రోజు చంపానని ఒప్పుకుంటా. ఫ్యాన్ కోసం కాదు. మొన్నే ఆ చోటు ఒక ముసలాయనకి ఇచ్చేశా, ఆయనకి ఆయాసం.

పేరయ్య


నల్లపాడు
24 అక్టోబరు 2025

మూగ సినిమా చూసి కథ రాసేసిన బాబాయికి,

శేషాచలం గారు తల దించుకున్నది సిగ్గుతో కాదు, రాసుకోవడానికి. నేను కళ్లు తుడుచుకున్నది నిజమే. కోర్టులో జూనియర్లు ఏడవకూడదట, తర్వాత చివాట్లు కూడా పడ్డాయి. ఇప్పుడు నువ్వు వినని మాటలు విను. జైలు సారూ, మీరు కూడా వినండి.

ప్రాసిక్యూటర్ గారు అడిగారు: "ముద్దాయి రోజూ మీ భర్త చావాలని అరుస్తూ బొమ్మని కొట్టేవాడా?"

"కొట్టేవాడండి."

"మీ ఆయన భయపడేవాడా?"

"భయమేందండీ. టీ తాగి, చుట్ట ముట్టించి, చూడ్డానికి పోయేవాడు. గట్టు మీద నిలబడి, ఏం పేరయ్యా, అన్నం తినలేదా, దెబ్బ తగలట్లేదే అనేవాడు. ఇంటికొచ్చి నవ్వుకుంటా టిఫిన్ తినేవాడు. ఆయన చేలోకి రాకపోతే మా ఆయనకి తోచేది కాదు. పేరయ్య రాలేదేందే, ఒంట్లో బాగోలేదేమో, పోయి వాళ్లావిడ్ని అడిగి రా అనేవాడు. నేను పోయేదాన్ని. కావాలంటే ఆవిడ్ని అడగండి."

"ఆయన చేలోకి రాకపోతే" అన్న దగ్గరే నీ వైపు వేలు చూపించింది. దించడం మర్చిపోయింది.

అందుకు కూర్చున్నారు ప్రాసిక్యూటర్ గారు. వాళ్ల సాక్షి బాబాయ్, మన సాక్షి కాదు. తర్వాత ఆయన సర్దుకుని లేచి, మరి ఆ రోజు మీ భర్త దగ్గలేదా, దగ్గితే ముద్దాయికి తెలిసేది కదా అన్నారు. ఆవిడ "చొక్కా ఎత్తుకురావడానికి పోయినోడు దగ్గుతాడా అండీ" అంది.

బయటికొచ్చాక ఆవిడ దగ్గరికెళ్లి దణ్ణం పెట్టా. "నీ మొహం చూసి చెప్పలేదమ్మా. జరిగింది చెప్పా. వదిలేశానని చెప్పలేదు" అని బస్సెక్కింది.

ఇప్పుడు నీ సెప్టెంబరు ఉత్తరం తియ్యి. "చూసేవాడు లేకుండా కొట్టడం దండగ" అని నువ్వే రాశావు. నీకది తప్పించుకునే మాటలా కూడా అనిపించలేదు, అందుకే అది నిజం. నేను చదివిన పుస్తకాలన్నింటిలోనూ నేర ఉద్దేశం గురించి ఇంత శుభ్రంగా ఎవరూ రాయలేదు. జడ్జిగారు అడిగినప్పుడు అది చెప్పు. నవ్వుతారు. టీ కొట్టు దగ్గర ఒక నవ్వు ఆపడానికి నెత్తి మీదికి హత్య తెచ్చుకున్నావు. ఇంకో నవ్వుకి ఏం తెచ్చుకుంటావు?

కోపంగానే,
రాగసుధ


నల్లపాడు
22 డిసెంబరు 2025

ఇంటికి చేరి రెండు రోజులైనా ఫోనెత్తని బాబాయికి,

పిన్నిని అడిగితే "ఫోన్ వద్దట, నువ్వు ఉత్తరమే రాయాలట. జైల్లో అలవాటైందట" అంటోంది. జైలుకెళ్లి అలవాట్లు పాడుచేసుకున్నవాళ్లని చూశాను, బాగుపడ్డవాళ్లని ఇప్పుడే చూడటం.

తీర్పు కాపీ వచ్చింది. నూట మూడు కొట్టేశారు. నూట ఆరు కింద తప్పు తేలింది, అందాకా జైల్లో ఉన్న కాలమే శిక్ష. మంచులో, పక్కవాళ్లు తిరిగే చోట చూసుకోకుండా కర్ర ఊపినందుకు. న్యాయంగానే ఉందని శేషాచలం గారన్నారు. నాకూ అంతే అనిపించింది.

బోనులో నువ్వేమన్నావో నీకు తెలుసు. ఎలా వినపడిందో తెలియదు, అందుకని రాస్తున్నా. "అతను చావాలని కోరుకున్నారా?" అన్నారు జడ్జిగారు. "రోజూ కోరుకున్నానండీ" అన్నావు. శేషాచలం గారి పెన్ను కింద పడింది. నువ్వు ఆగలేదు. "కోరుకోవడం వేరండీ. చస్తే ఎట్టా? మర్నాడు కొడితే చూసేదెవరు? నేను రోజూ పొద్దున్నే లేచింది ఆయన కోసం కాదా అండీ. బొమ్మకి రక్తం వచ్చిందని అరిచింది నేనే. గట్టిగానే అరిచా. బొమ్మనుకున్నా. నాకు తెలియలేదు." కోర్టులో నవ్వారు. వెనక బెంచీ నుంచి ముందు బెంచీ దాకా. నువ్వు ఆ నవ్వుని అలాగే నిలబడి విన్నావు. ఆపలేదు. జడ్జిగారు తీర్పులో ఆ మాటలు నువ్వన్నవి అన్నట్టే దించారు, వ్యాకరణం కూడా సరిచెయ్యలేదు.

పచ్చ గళ్ల చొక్కా కోర్టు వారి దగ్గరే ఉంది. అప్పీలు గడువు అయ్యాక ఇచ్చేస్తారట. ఎవరికివ్వాలో అని గుమాస్తా నన్నడిగాడు. నీదా, ఆవిడదా? నా చదువుకి తెలియలేదు.

పెళ్లిచూపులకి కూర్చోవలసి వచ్చిన
రాగసుధ


పర్చూరు దగ్గర, మన చేను
2 ఫిబ్రవరి 2026

రాగసుధకి దీవెనలు.

చొక్కా ఆవిడకే ఇవ్వమను. హుస్సేన్ సాహెబ్‌కి ఇచ్చిన గరిటె లెక్క మేం చూసుకుంటాం.

పేరు పడింది. నువ్వు గెలిచావు, నేను బొమ్మ పేరయ్యని. టీ కొట్టులో నేను కూర్చుంటే, గ్లాసు నా ముందు పెట్టి "చూసి తాగు బాబాయ్, టీయో కాదో" అంటున్నారు. మీ పిన్ని కూడా ఒకరోజు చీకట్లో "నేనే, మనిషినే" అంది. పడుతున్నా. మొదట్లో మండేది, ఇప్పుడు ఎదురు నేనే ఒకటంటున్నా.

ఈ యేడు నా చేలో బొమ్మ పెట్టలేదు. పక్క చేలో పెట్టారు. సుబ్బరావమ్మ పెట్టించింది. దానికి చొక్కా కావాలని మన ఇంటికొచ్చింది. మీ పిన్ని నా నీలం చొక్కా, నేను ఇంట్లో ఉండగానే, నా ముందే మడతపెట్టి ఇచ్చింది. టీ ఇచ్చింది. ఆవిడ తాగింది. నాతో మాట్లాడలేదు.

రోజూ పొద్దున్నే వచ్చి మూడు దెబ్బలు వేస్తోంది. అంకమ్మరావు వాడిన కర్ర. నా పేరు పెట్టి ఏమీ అనదు, ఊరికే కొడుతుంది. నేను వెళ్లి గట్టు మీద నిలబడతా. ఆయన నిలబడిన చోటే. చూసేవాడు లేకపోతే ఎంత దండగో నాకు తెలుసు కదా. మొదటి రోజు, దెబ్బ తగలట్లేదమ్మా, అన్నం తినలేదా అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. అంత హక్కు నాకింకా రాలేదు.

ఇప్పుడు మంచు బాగా పడుతోంది. మంచు రోజు బొమ్మేదో నేనేదో ఎవరికైనా తెలియదు. అందుకని గట్టెక్కగానే దగ్గుతున్నా, చుట్ట దగ్గు లాగా. ఆవిడ కర్ర ఎత్తి, నేను దగ్గిన వైపు తిరిగి, ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత బొమ్మ వైపు తిరిగి కొడుతుంది.

నిన్న కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఆ ఆగినంతసేపూ ఆవిడ మనసులో ఏముందో నీ చదువుకి రుజువు చెయ్యడం చేతనైతే రాయి. చేతకాకపోయినా పర్వాలేదు. రేపు కూడా వెళ్లి దగ్గుతా.

బొమ్మ పేరయ్య,
గట్టు మీద నుంచి